ఆవిడ మాటకు నా తర్జుమా

మొన్న వేసవిలో విజయనగరంలో ఒక శిక్షణ తరగతికి వెళ్లాను. ప్రకృతిని కాపాడే పనులకు డబ్బు ఎలా తేవాలన్నది ఆ రోజు పాఠం. పాఠం చెబుతున్న ఆయనకు నేనెవరో తెలియదు. తెర మీద ఒకదాని తర్వాత ఒకటి బొమ్మలు మారుస్తూ, "ఇది మన శ్రీకాకుళం జిల్లాలోనే, భావనపాడు దాటాక సముద్రానికి దగ్గరలో ఉన్న బీల" అన్నాడు. బీల అంటే మా తీరంలో పొలాలకూ ఇసుకదిబ్బలకూ మధ్య నీరు నిలిచే చిత్తడి నేల. ఆ బొమ్మలో ఒక ఆడమనిషి మోకాలి లోతు నీళ్లలోంచి గట్టెక్కుతోంది. నెత్తిన తుంగమోపు. మొహం సగం మోపు నీడలో ఉంది. పెదాల మధ్య చుట్ట, నిప్పున్న కొస నోటి లోపల. బొమ్మ కింద ఇంగ్లీషులో రెండు మాటలు, 'స్థానిక ఒత్తిళ్లు' అని, అంటే ఊరివాళ్ల వల్లే ఆ నేల పాడవుతోందని.

ఆ ఫొటో తీసింది నేను. ఆ రెండు మాటలు రాసిందీ నేనే.

టీ కోసం బయటకు వచ్చినప్పుడు టెక్కలి వైపు నుంచి వచ్చిన ఒక కార్యకర్త నన్ను గుర్తుపట్టింది. "మేడమ్, ఆ ఫొటోలో ఆవిడ పోయింది. తెల్సా మీకు? శివరాత్రి ఎల్లిన వారానికి. కిడ్నీలు" అంది. ఆ పక్క ఊళ్లలో ఆ జబ్బు గురించి అంతకంటే వివరంగా ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. టీ గ్లాసు పట్టుకుని మెట్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. తరువాతి పాఠానికి లోపలికి వెళ్లలేదు.

ఆవిడ పేరు నాకు తెలుసు. మూడేళ్ల కిందట రాయవలసిన చోట దాన్ని రాయలేదు. మా నివేదికలో ఆవిడ 'సమాచారం ఇచ్చిన స్థానిక మహిళ' మాత్రమే. అప్పుడు రాయనిదాన్ని ఇప్పుడు రాసి మంచిదాన్ననిపించుకోవడం బాగుండదు. అందుకని ఆవిడ అనే అంటాను.

రెండువేల పదిహేను కార్తీకంలో మొదటిసారి చూశాను. నాకు అప్పుడు ఇరవై ఆరేళ్లు. ఎచ్చెర్లలో వృక్షశాస్త్రం చదువుకుని, విజయనగరంలో రెండు గదుల్లో నడిచే ఒక చిన్న స్వచ్ఛంద సంస్థలో చేరాను. మా డైరెక్టరు గారు ఏదో విదేశీ సదస్సుకు వెళ్లి 'జీవవైవిధ్య క్రెడిట్లు' అనే మాట పట్టుకొచ్చారు. ఆ మాట మా రెండు జిల్లాల్లోనూ అప్పటికి ఎవరూ విని ఉండరు. ఆ బీలలో ఏమేం బతుకుతున్నాయో లెక్కపెట్టడం నా పని. తోడుకు ఎవరినైనా పంపమని పంచాయతీ ప్రెసిడెంటు గారిని అడిగితే, "బీల సంగతి ఆవిడకి తెల్సినట్టు మరెవులికీ తెలీదు" అని ఆవిడ ఇంటికి కబురు పెట్టారు.

ఆవిడకు యాభై అయిదు పైనే ఉంటాయి. పొట్టి మనిషి. చీర మోకాళ్ల దాకా ఎగదోపి, నడుముకు కొడవలి చెక్కుకుని వచ్చింది. ముందు నా మొహం చూడలేదు, కాళ్లు చూసింది.

"ఈ బూట్లేటి? ఇప్పేయ్. బూట్లతో దిగితే బురద ఒగ్గదు, కాలితోపాటు నిన్నూ లాగేస్తాది."

"అలాగే అమ్మగారూ" అన్నాను.

"అమ్మగారేటి? నానేటి మేస్టారి పెల్లాన్నా? పిన్నీ అను."

ఆ రోజు నుంచి పిన్నీ అనే పిలిచాను. ఆవిడ నన్ను గుంటా అనేది. మావైపు చిన్నపిల్లల్ని అలా పిలుస్తారు. చదువుకున్న పిల్లనని కొంచెం గౌరవం చూపించాలనిపించిన రోజున 'అమ్మలూ' అనేది. ఆ రోజులు తక్కువ.

నీళ్లలోకి దిగేముందు కొడవలి తిరగేసి, పిడితో నీళ్ల మీద మూడుసార్లు కొట్టేది. "వస్తన్నామర్రా" అనేది. మొదట్లో అది ఏదో మొక్కు అనుకున్నాను. ఎవరికి చెబుతున్నావని అడిగితే, "పాములికి. ఆలకీ పిల్లాపాపలుంటారు గదా. సెప్పకుండా ఒకలింట్లోకి దూరిపోతామేటి?" అంది.

పక్షుల్ని కూడా 'ఆలు' అనేది, అంటే వాళ్లు అని. తెల్లకొంగలు తెల్లోలు. చలికాలం ఎక్కడి నుంచో దిగే బాతులు వలసోలు. సాలూరు నుంచి లారీలెక్కి ఊళ్లు తిరిగే మనుషుల్లాగే ఈళ్లకీ ఇంటిపట్టున కాలు నిలవదని ఎద్దేవా చేసేది. ఎన్ని ఉన్నాయి పిన్నీ అంటే అంకె చెప్పేది కాదు. "నిన్నటోలు ఉన్నారు, ఇంకో జట్టు దిగినాది" అనేది. నేను దుర్భిణి పెట్టి లెక్కపెట్టుకుని తిరిగి చూసేసరికి, నవ్వుతూ నిలబడి ఉండేది.

నేను మొక్కలకు శాస్త్రీయ నామాలు రాసుకుంటుంటే పైకి చదవమనేది. తుంగ పేరు సైపరస్ అని చెబితే ఆ మాట నోట్లో రెండుసార్లు తిప్పుకుంది. మర్నాడు వెళ్లేసరికి ఆవిడ మేకకు ఆ పేరు వచ్చింది. "ఒసే సైపరసూ, ఇటొచ్చి సావు" అని ఊరంతా వినబడేలా పిలుస్తోంది. ఊళ్లో ఆడవాళ్లందరికీ కొన్నాళ్లు అదే వేడుక.

ఆవిడ మాటతీరు తెలుసుకోవడానికి నాకో గుర్తు దొరికింది. మావైపు పెద్దవయసు ఆడవాళ్లు చాలామందిలాగే ఆవిడ నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది. చుట్ట నోట్లో ఉన్నంతసేపూ వేళాకోళమే. చుట్ట తీసి చేత్తో పట్టుకుందంటే ఇక వచ్చేది గట్టి మాట.

చాపలకు తుంగ కోయడం ఎలాగో చుట్ట తీసి చెప్పింది. మొదలంటా కోయకూడదు. నీటిపైన జానెడు మిగలాలి. "ఆ కొస మునిగిపోయిందనుకో, కింద దుంపకి ఊపిరాడదు, కుల్లిపోతాది" అనేది. ఒక పక్క నుంచి మొత్తంగా కోసుకుపోయేది కాదు. సందులు సందులుగా కోసేది. నడుమ నీరు కనబడాలి, పక్క తుంగ అలాగే నిలబడి ఉండాలి. ఒక గుబురు దగ్గరకు వెళ్లి ఆగిపోయి, దాన్ని వదిలేసి చుట్టూ తిరిగి వచ్చేసేది. అందులో నీటికోడి పిల్లలున్నాయనేది. నాకు కనబడేవి కాదు. పది రోజుల తరువాత తల్లి వెనకాల నల్లటి ఉండల్లా ఈదుతూ బయటకొచ్చాయి.

ఆ చలికాలం నా నోటుబుక్కు రెండొంతులు నిండిపోయింది. చదువుకున్న రెండేళ్లలో నేర్చుకోని సంగతులు ఆ మూడు నెలల్లో నేర్చుకున్నాను. ఈ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు.

ఒక రోజు గట్టు మీద కూర్చున్నాం. ఆవిడ క్యారేజీలో చోడి అంబలి, అదే రాగి జావ, తెచ్చింది. నాకు మూతలో పోసి ఇచ్చి, తను గిన్నెతో తాగుతూ అడిగింది.

"ఇదంతా రాస్తన్నావు గదా. రాసి ఏటి సేస్తారు?"

చెప్పాను. ప్రకృతికి మేలు చేశామని చూపించుకోవాలనుకునే కంపెనీలుంటాయి. ఈ బీలలో ఇప్పుడు ఏమేం ఉన్నాయో లెక్క రాస్తాం. తరువాత బీలను బాగుచేస్తాం. కొన్నాళ్లకు మళ్లీ లెక్క రాస్తాం. ఎంత పెరిగిందో ఆ పెరిగినదానికి క్రెడిట్లు అని పేరు పెడతాం. ఆ కంపెనీలు వాటిని కొంటాయి. ఆ డబ్బు మళ్లీ బీలకూ ఊరికీ వస్తుంది.

ఆవిడ గిన్నె కింద పెట్టింది.

"అంటే ఇప్పుడు తక్కువుంటే మీకు మంచిదన్నమాట."

నేను నవ్వేశాను. "అలా కాదు పిన్నీ, ఉన్నది ఉన్నట్టే రాస్తాం. చూడ్డానికి పైనుంచి మనిషి వస్తాడు" అన్నాను.

"అదే మరి. వచ్చినోడికి సెప్పాల గదా" అని అంబలి గిన్నె మళ్లీ ఎత్తింది.

మేలో డైరెక్టరు గారు ఇంకోసారి లెక్కపెట్టమన్నారు. అప్పటికి బీల ఎండిపోయి, నెర్రెలిచ్చి, మధ్యలో రెండు మూడు మడుగులే మిగిలాయి. ఆవిడ నాతో రావడానికి ఇష్టపడలేదు. "ఇప్పుడేటి సూస్తావు? ఇది తొంగున్నాది. నిదర్లో ఉన్నోలని లెక్కెడతారేటి?" అంది. నేను బతిమాలితే వచ్చింది. ఒకచోట వంగి, చేత్తో మట్టి తవ్వి, నల్లటి కలువదుంప ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది. తడిగా, బరువుగా ఉంది. "ఇదిగో. బతికే ఉన్నాది. రాయి." నా ఫారంలో దుంపలకు గడి లేదు. ఆవిడ దాన్ని తీసుకుని మళ్లీ అదే గుంటలో పెట్టి, మట్టి కప్పి, పాదంతో మెల్లగా అదిమింది.

ఆ రోజే ఆ ఫొటో కూడా తీసి ఉంటే లెక్కా ఫొటో కనీసం ఒకే కాలానివైనా అయ్యేవి. కానీ ఎండాకాలంలో తుంగ ఉండదు, మోపు ఉండదు. ఫొటో చలికాలంలో తీసింది. వేసవి లెక్క పక్కన చలికాలం ఫొటో అతికించాను. ఇన్నేళ్లలో దాన్ని ఒక్కరూ పట్టుకోలేదు.

జూన్‌లో ఆఫీసులో డైరెక్టరు గారు నా రెండు లెక్కలూ ముందు పెట్టుకుని కూర్చున్నారు. చెడ్డవాడు కాదాయన. ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు.

"చలికాలం లెక్కతో మొదలుపెడితే ఇంక పెరగడానికి ఏముంటుందమ్మా? ప్రాజెక్టు ఇక్కడే ఆగిపోతుంది. బీలకి ఏమీ రాదు. వేసవి లెక్క ఒక్కటే పెడదాం. అదీ మనం చూసిందే కదా, అబద్ధం కాదు కదా" అన్నారు.

"మరి ఎందుకు పాడైందని రాయాలండీ?" అని అడిగాను. పాడైందని చెబితే కారణం కూడా చెప్పాలి. బీల తూర్పు అంచున రొయ్యల చెరువులున్నాయి. వాటి నీళ్లు వచ్చి పడే మూల నత్త కూడా బతకడం లేదని ఆవిడ నాకు చూపించింది. నేను రాసుకున్నాను.

"చెరువుల వాళ్ల సంతకాలు లేకుండా పంచాయతీ తీర్మానం అవదు. వాళ్ల మాట తరువాత చూద్దాం. ప్రస్తుతానికి తుంగ కోత, పశువుల మేత, చేపలు పట్టడం అని రాయి. అవీ ఉన్నవే కదా."

అవీ ఉన్నవే. రాశాను. ఫొటో కావాలన్నారు. నా దగ్గరున్నవాటిలో అన్నిటికంటే స్పష్టంగా వచ్చింది ఆవిడ గట్టెక్కుతున్న ఫొటో.

ఇదంతా చదివేవాళ్లు నేను భయపడ్డాననుకోవచ్చు. ఉద్యోగం పోతుందన్న భయం నాకు ఉండేది కాదు. మా నాన్నకు చీపురుపల్లి దగ్గర పొలం ఉంది. ఇంటికి వెళితే తిండికి లోటు లేదు. డైరెక్టరు గారు ఆ నివేదిక చదివి "చాలా చక్కగా రాశావమ్మా" అన్నప్పుడు నాకు కలిగిన సంతోషం నాకు బాగా గుర్తు. దానికోసమే రాశాను. ఇంతకంటే మర్యాదైన కారణం ఎంత వెతికినా దొరకలేదు.

మరుసటి ఏడాది మొదట్లో బెంగళూరు నుంచి పరిశీలకుడు వచ్చాడు. మేం రాసినది నిజమో కాదో చూసి సంతకం పెట్టవలసిన మనిషి. నెరిసిన జుట్టు, మెత్తటి మాట. తెలుగు ఒక్క ముక్క రాదు. ఊరి బడి ఆవరణలో సభ పెట్టారు. ముందు వరసలో రొయ్యల చెరువుల వాళ్లు నలుగురు తెల్లచొక్కాల్లో కూర్చున్నారు. ఆ పొద్దునే సంతకాలు పెట్టారు. ఆడవాళ్లు ఓ పక్కగా గోడ వారన. ఆయన అడిగేది తెలుగులో చెప్పడం, వాళ్లు చెప్పేది ఇంగ్లీషులో చెప్పడం నా పని.

ఆయన అందరినీ తలా ఒక ప్రశ్న అడిగి, "ఇక్కడ ఎక్కువ కాలంగా తుంగ కోస్తున్నది ఎవరు?" అన్నాడు. ఆడవాళ్లంతా ఆవిడను చూపించారు. ఆవిడ లేచి నిలబడింది. తుంగ కోత వల్ల పక్షులు తగ్గాయంటే మీరు ఒప్పుకుంటారా అని ఆయన అడిగాడు. నేను ఆ ప్రశ్న మాత్రం ఉన్నదున్నట్టే చెప్పాను.

ఆవిడ నోట్లోంచి చుట్ట తీసింది. ఆర్పి, చేత్తో పట్టుకుంది.

"బావూ, తుంగ కోస్తేనే పచ్చులొస్తాయి. కొయ్యకపోతే రెండేళ్లకి జమ్ము గడ్డి కమ్మేస్తాది. నీరు కనబడదు. నీరు కనబడకపోతే ఆలు ఎక్కడ దిగుతారు? మా అత్త కోసింది, ఆవిడత్త కోసింది. అప్పుడు నేని సావు ఇప్పుడెందుకొచ్చినాది? ఆ రొయ్యల సెరువులోలు తూములు తీసి మందునీరు ఒగ్గేస్తన్నారు. తూరుపు మూలకి ఎల్లి సూడండి. నత్తగుల్ల కూడా బతికి నేదు. ఇంకొక మాట. ఈ గుంట, బీల నిండుగా ఉన్నప్పుడు ఒకసారి లెక్కెట్టింది, ఎండల్లో ఒకసారి లెక్కెట్టింది. మీ కాయితంలో ఏది రాసినారో నాకు తెలీదు. ఎండల్లోది రాస్తే, రేపు మల్లీ లెక్కెట్టినప్పుడు కూడా ఎండల్లోనే ఎట్టమనండి. అప్పుడు నిజం తెలుస్తాది."

ఆడవాళ్లు ఔనౌనన్నారు. ముందు వరస వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తరువాత నన్ను చూశారు. డైరెక్టరు గారు కూడా నన్నే చూశారు. పరిశీలకుడు కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

నేను ఇంగ్లీషులో రెండు వాక్యాలు చెప్పాను. తుంగ కోత తమకు తరతరాల వృత్తి అంటున్నారు. పద్ధతి ప్రకారం నియంత్రిస్తే సహకరిస్తామంటున్నారు.

ఆయన తల ఊపి రాసుకున్నాడు.

ఆవిడ ఇంకా నిలబడే ఉంది. "నాను అంత సెప్పినాను గదా. నువ్వు ఇంతే సెప్పినావేటి?" అంది.

సభలో కొందరు నవ్వారు. నేనూ నవ్వాను. "ఇంగ్లీషు పొట్టి భాష పిన్నీ" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. "అలాగా" అని కూర్చుంది. ఆరిన చుట్ట సభ అయ్యేదాకా చేతిలోనే ఉంది.

ఆ తరువాత జరగవలసినవన్నీ వరసగా జరిగాయి. బీల చుట్టూ సిమెంటు స్తంభాలు పాతి ముళ్లకంచె కట్టారు. తుంగ కోయరాదని, పశువులు దించరాదని బోర్డు పెట్టారు. ఊళ్లో నలుగురు మగవాళ్లను కాపలాకు పెట్టారు. చాపలు నేసే ఆడవాళ్లకు కుట్టుమిషన్లు ఇస్తామన్నారు. రెండు వచ్చాయి, పంచాయతీ ఆఫీసులో ఉండిపోయాయి. ఆవిడా, ఇంకో పదిమందీ రొయ్యల షెడ్డులో తలలు తుంచే పనికి వెళ్లడం మొదలుపెట్టారు. రొయ్యల నీళ్ల గురించి సభలో నిలబడి చెప్పిన మనిషికి ఆ రొయ్యల దగ్గరే పని దొరికింది.

ఒకసారి జీపులో వెళుతూ షెడ్డు బయట ఆవిడను చూశాను. సాయంత్రం పని దిగి వస్తోంది. పొద్దంతా మంచులో నానిన వేళ్లు తెల్లగా ఉబ్బి ఉన్నాయి. జీపు ఆపమని అనలేదు. చూడనట్టు సంచిలో ఏదో వెతుక్కున్నాను. ఆవిడ నన్ను చూసిందో లేదో తెలియదు.

రెండో లెక్క చలికాలంలో పెట్టాం. నేనే పెట్టాను. తుంగ కొయ్యక జమ్ము కమ్మేస్తోంది. వెనకటికంటే నీటిమడుగులు చిన్నవయ్యాయి, బాతులు తక్కువ దిగాయి. నా పాత నోటుబుక్కుతో పోల్చితే ఆ సంగతి ఎవరికైనా తెలుస్తుంది. కానీ మేం పోల్చింది మే నెల లెక్కతో. ఎండిన నేల పక్కన పెడితే ఆ కాస్త నీరూ, ఆ కాస్త రెక్కలూ గొప్పగా కనిపించాయి. క్రెడిట్లు పుట్టాయి. ఏదో కంపెనీ కొంది. నున్నటి కాగితం మీద పుస్తకం వేశారు. నాకు హోదా పెరిగింది. ఆవిడ ఫొటో ఊళ్లు తిరగడం అప్పుడే మొదలైంది.

ఆఖరిసారి ఆవిడతో మాట్లాడింది రెండువేల పద్దెనిమిది అక్టోబరులో, తిత్లీ తుఫాను వెళ్లాక. కొబ్బరిచెట్లన్నీ ఒకే పక్కకు పడిపోయి ఉన్నాయి. టార్పాలిన్లు పంచడానికి మా సంస్థ తరఫున వెళ్లాను. ఆవిడ ఇంటి కప్పు లేచిపోయింది. గోడల మధ్య, ఆకాశం కింద, పీట వేసుకుని కూర్చుని తడిసిన బట్టలు పిండుతోంది. బాగా నల్లబడింది, పాదాలు పొంగి ఉన్నాయి.

"ఏటి గుంటా, అలగ సిక్కిపోయినావు? తిండి తింతన్నావా?" అంది నన్ను చూడగానే.

నేను టార్పాలిన్ కింద పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఏడాదిన్నరకు పైగా దాచుకున్నది అక్కడ బయటకు వచ్చింది.

"పిన్నీ, ఆ రోజు సభలో నువ్వు చెప్పింది ఆయనకి నేను చెప్పలేదు."

"తెల్సు" అంది, బట్ట పిండుతూనే.

"ఎప్పుడు తెలిసింది?"

"అప్పుడే. ముందు కూకున్న సెరువులోల మొకాలు సూసినాను. నాను సెప్తన్నప్పుడు నల్లబడ్డాయి. నువ్వు సెప్పినాక తేటబడ్డాయి. ఇంకేటి తెలాలి?"

"మరి ఊరుకున్నావేం?"

"అడిగినాను గదా. పొట్టి బాసన్నావు." బట్ట దులిపి పక్కన వేసింది. "నీ సేతిలో కాయితం వనుకుతన్నాది. ఇంకా గట్టిగా అడిగితే అక్కడే ఏడిసేస్తావనిపించింది. ఆడపిల్లని పదిమందిలో ఏడిపించడం ఎందుకని ఊరుకున్నాను."

ఆవిడే అంది మళ్లీ. చుట్ట లేదు నోట్లో. డాక్టరు మానేయమన్నాడట.

"ఊరుకోడం తప్పయిపోయినాది. నీ మొకం సూసినాను. బీల మొకం సూడనేదు."

తప్పు తన మీద వేసుకుంది. అంతకంటే నన్ను తిట్టి ఉంటే, ఆ తడిబట్టతో కొట్టి ఉంటే బాగుండేది. "ఆయనకి ఉత్తరం రాస్తాను పిన్నీ. నువ్వు చెప్పినదంతా రాస్తాను. నా నోటుబుక్కు కూడా పంపుతాను" అన్నాను.

"రాయి" అంది. రాస్తానని నమ్మినట్టే అంది.

నేను రాయలేదు. తుఫాను పనులన్నాను, తరువాత ఆఖరి నివేదిక గడువన్నాను, తరువాత మా చెల్లి కాన్పన్నాను. ఎవరూ అడగకపోయినా నాకు నేనే సాకులు చెప్పుకున్నాను. ఒకటి రెండుసార్లు కంప్యూటరు ముందు కూర్చుని పరిశీలకుడి పేరు కొట్టి, కింద ఒక వాక్యం రాసి చెరిపేశాను. ఆవిడకు వారానికి రెండుసార్లు టెక్కలి ఆసుపత్రికి తిరగవలసి వచ్చిన రోజులవి. ఆ సంగతి నాకు తరువాత తెలిసింది.

శిక్షణ తరగతి అయిన నెలకు, వానలు పడ్డాక, ఒంటరిగా ఆ ఊరు వెళ్లాను. మా సంస్థ అప్పటికే ఆ బీలను వదిలేసి మరో జిల్లాలో పని మొదలుపెట్టింది. తుఫానుకు ఒరిగిన కంచెస్తంభాలను ఎవరూ నిలబెట్టలేదు. బీలలో జమ్ము మనిషెత్తు పెరిగి ఉంది. ఆవిడ కోడలూ, ఇంకో నలుగురు ఆడవాళ్లూ అందులో దిగి సందులు కొడుతున్నారు. ఒక్కో మొదలూ చేత్తో పట్టి లాగుతున్నారు. బురదలోంచి అది ఊడి రావడానికి ఇద్దరు పట్టవలసి వస్తోంది.

గట్టు మీద నిలబడి కోడలిని పిలిచాను. గట్టు దగ్గరకు వచ్చింది, పైకి ఎక్కలేదు. మిగతావాళ్లు కూడా పని ఆపి నిలబడ్డారు. వాళ్లకు అంతా చెప్పాను. ఏ లెక్క దాచానో, కారణం ఏమని రాశానో, సభలో ఆవిడ ఏమందో, నేను ఏం చెప్పానో. ఆవిడ మాటలు ఒక్కటీ వదలకుండా, ఆవిడ అన్న వరసలోనే చెప్పాను. అవి నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి.

కోడలు పూర్తిగా విన్నది. నుదుటి మీద బురద మోచేత్తో తుడుచుకుంది.

"మా అత్త మాట మాకెందుకు సెప్తన్నావు? ఆ సబలో మావూ ఉన్నాం. మాకు తెల్సు. తెలీనోలకి సెప్పు."

వెనక్కి తిరిగి వెళ్లి జమ్ము మొదలు పట్టుకుంది. ఎవరూ నన్ను పొమ్మనలేదు, కూర్చోమనలేదు.

ఆ వారమే ఉత్తరం రాశాను. చలికాలం నోటుబుక్కు పేజీలన్నీ ఫొటోలు తీసి జతచేశాను. ఆవిడ చెప్పినదంతా ఇంగ్లీషులో పెట్టాను. పరిశీలకుడికీ, క్రెడిట్లు నమోదు చేసిన వాళ్లకూ, కొన్న కంపెనీకీ పంపాను. డైరెక్టరు గారికి కూడా ఒక ప్రతి పంపి, దాంతోపాటు నా రాజీనామా పంపాను. ఇంతవరకు ఆయన ఒక్కరి దగ్గర నుంచే జవాబు వచ్చింది. ఫోన్ చేశారు. కోపంగా లేరు. ఎప్పటిలాగే మెత్తగా మాట్లాడారు.

"ఇప్పుడెందుకమ్మా ఇదంతా? ఆవిడ కూడా లేదు కదా" అన్నారు.

రాయి అని ఆవిడ అన్నాక అయిదు నెలలు బతికే ఉంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. నేను ఫోన్ పెట్టేశాను.